వానొస్తే ఆరేసిన బట్టలే గుర్తొస్తున్నాయి

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. ఆమె వయసు 41. పెద్ద పెరడున్న ఇంట్లో పెరిగారు. వాన పడుతుంటే చూరు నుంచి జారే ధారల కింద అరచేతులు పెట్టి తమ్ముడితో పందేలు వేయడం, చలికాలం పొద్దుటే నోట్లోంచి ఆవిరి వదిలి ఎవరిది ఎక్కువ దూరం పోతుందో చూడడం, ఎండాకాలం రాత్రి మేడ మీద పడుకుని, వేలు తడిపి గాలి ఎటు నుంచి వీస్తోందో కనిపెట్టడం... సగం ఉత్తరం ఇదే. "ఏ కాలం వచ్చినా నా కోసమే వచ్చినట్టుండేది" అన్నారు. మధ్యలో ఒకచోట, వానొస్తే వాళ్లమ్మ కొంగు నెత్తిన వేసుకుని పెరట్లోకి పరుగెత్తి, దండెం మీది బట్టలు లాక్కుంటూ, నవ్వుతూనే పిల్లల్ని కేకలేసేదని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆమె ఉండేది 11వ అంతస్తులో. ఆఫీసులో కిటికీలు తెరుచుకోవు. తెల్లవారకముందే లేచి ఇంటిపని, పాపను స్కూలుకు పంపడం, కారు, ఆఫీసు, మళ్లీ చీకటి పడ్డాక ఇల్లు. ఈ ఏడాది తొలివాన పడిన రోజు సెలవు కావడంతో ఇంట్లోనే ఉన్నారు. సాయంత్రం చినుకుల చప్పుడు వినగానే బాల్కనీలోకి పరుగెత్తి బట్టలు తీసి, కిటికీలన్నీ మూసి, తడిసిన నేల తుడిచి, మర్నాడు ఆఫీసుకు ఏ దారిన వెళ్తే నీళ్లు నిలవవో లెక్కలు వేసుకుంటూ నిలబడ్డారు. అప్పుడు ఎనిమిదేళ్ల కూతురు అడిగింది: "అమ్మా, నీకు వానంటే ఇష్టం ఉండదా?" ఇష్టమే అని చెప్పారు. చెప్పాక అబద్ధం ఆడినట్టనిపించి, ఆ రాత్రి పాప పడుకున్నాక ఏడ్చారు.

ఇంకొన్ని సంగతులు కూడా ఉన్నాయి. ఆఫీసు ముందున్న చెట్టు ఏటా ఒక నెలంతా పసుపు పూలు రాలుస్తుందట. కారు అద్దం మీద పేరుకున్న ఆ పూలను వైపర్లతో విసుక్కుంటూ తోసేశాక, చిన్నప్పుడు అలాంటి పూలనే గౌను నిండా ఏరుకునేదాన్నని గుర్తొచ్చిందట. ఆ చెట్టు పేరు కూడా తెలియదట. పగళ్లు చిన్నవయ్యే నెలల్లో దిగులుగా, నిద్రమత్తుగా ఉంటోంది. ఉద్యోగం మానేసి ఎక్కడైనా చిన్న ఊళ్లో పెరడున్న ఇంటికి వెళ్దామంటే, డబ్బు సంగతి ఎత్తి భర్త ఒప్పుకోవడం లేదు. "వయసొచ్చాక అందరికీ ఇంతే, దీన్నొక సమస్య చేసుకోకు" అంటున్నారు. మూడు నెలలుగా ఇంట్లో ఇదే గొడవ. "ఇది జబ్బా, వయసా, లేక కాలాలే పాడైపోయాయా? మేం ఇక్కణ్నుంచి వెళ్లిపోవాలా? నా బిడ్డకు ఏ కాలమూ తెలియకుండానే పెరిగిపోతుందా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన చోటు నుంచే మొదలుపెడతాను. మీ జ్ఞాపకంలోని ఆ వానలో మీరూ మీ తమ్ముడే కాదు, మీ అమ్మగారు కూడా ఉన్నారు. అందరి మీదా పడింది ఒకటే వాన. మీ చేతుల్లో చూరునీళ్లు, ఆవిడ చేతుల్లో సగం ఆరిన బట్టలు. మీ వంతు ఆట, ఆవిడ వంతు పని. ఏ కాలమూ పని లేకుండా రాదు. వానకు తడి, చలికి దుప్పట్లు, ఎండకు నీళ్లు, రాలే ఆకులకు చీపురు. పిల్లలకు ఆ పని కనిపించదు. ఎవరో ఒకరు ఆ పని ముందే ఎత్తుకుంటారు కాబట్టి వాళ్ల దాకా వచ్చేది వాన ఒక్కటే.

ఇప్పుడు ఆ ఇద్దరూ మీరే. తడవాలనుకునేదీ మీరే, బట్టలు తీయాల్సిందీ మీరే. ముందు పరుగెత్తేది బట్టలు తీసే మనిషి. పరుగెత్తక తప్పదు కూడా, ఆ పనికి ఆగే వీలు లేదు. కాబట్టి పాపతో మీరు అబద్ధం ఆడలేదు. మీకు వానంటే ఇష్టమే. ఆ సాయంత్రం ఆ ఇష్టానికి వంతు రాలేదు, అంతే. ఈ రెండూ ఒకటి కాదని మీరు నమ్మితే, మిగతా ప్రశ్నల బరువు కొంత తగ్గుతుంది.

ఇక వయసు సంగతి. మీవారి మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు ఏడాది అంటే తన జీవితంలో ఎనిమిదో వంతు. మీకు 41వ వంతు. వయసుతో పాటు ఏళ్లు పొట్టివైపోతున్నట్టు అనిపించడానికి ఇదే కారణమని 19వ శతాబ్దంలో పాల్ జానే అనే ఫ్రెంచి తత్వవేత్త ఊహించాడు. లెక్క ఒక్కటే చాలదనుకోండి. కొత్తది ఎదురైనప్పుడు మనసు దాన్ని వివరంగా దాచుకుంటుంది, అలవాటైనదాన్ని అంత పట్టించుకోదు. మీ పాపకు ఊహ తెలిశాక చూసిన వానాకాలాలు నాలుగో అయిదో ఉంటాయి. ప్రతిదీ దాదాపు మొదటిదే. ఆ మొదటిసారితనం మీకు మళ్లీ రాదు. ఏ ఊరు వెళ్లినా, ఎంత పెరడు కొన్నా రాదు. ఈ మాట మెత్తగా చెప్పే దారి నాకు తెలియలేదు.

కానీ "అందరికీ ఇంతే" అన్న చోట నేను మీవారితో ఏకీభవించను. పిల్లలకు కాలం వస్తుంది, పెద్దవాళ్లకు తిరిగి వస్తుంది. తిరిగి వచ్చినదాన్ని గుర్తుపట్టడంలో వేరే సంతోషం ఒకటుంది, అది పిల్లలకు ఇంకా అందదు. తొలివాన వాసనే తీసుకోండి. పాపకు అది మంచి వాసన, అంతే. మీకు ఆ ఒక్క వాసనలో తమ్ముడు, చూరు, మీ అమ్మగారి కేకలు, పాప పుట్టిన ఏడాది వాన, ఇంకా ఎవరికీ చెప్పనివి ఎన్నో ఉంటాయి. మిగతా ఇంద్రియాల కంటే వాసనకు, మెదడులో జ్ఞాపకాలూ ఉద్వేగాలూ ఉండే భాగాలతో దగ్గరి దారి ఉంది. అందుకే అది అంత లోతుగా తాకుతుంది.

ఆ వాసన గురించి ఇంకొంచెం చెప్పాలి, మీ సాయంత్రానికి దీనితో సంబంధం ఉంది. 1964లో ఇజబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దానికి 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. పొడిరోజుల్లో మొక్కల నుంచి వచ్చే నూనెలు మట్టిలో, రాళ్లలో ఇంకి ఉంటాయి. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. గాలిలో లక్ష కోట్ల భాగాలకు కొద్ది భాగాలున్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. చినుకు మట్టిని తాకగానే దాని కింద చిక్కుకున్న గాలి సన్నని బుడగలై పైకి పేలి, ఆ వాసనను తుంపరగా ఎగరేస్తుంది. 2015లో అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు అతివేగపు కెమెరాలతో దీన్ని చిత్రించారు. జోరువాన కంటే చిరుజల్లులోనే ఈ తుంపర ఎక్కువగా లేస్తుందని వాళ్లు గమనించారు. అంటే మొదటి కొద్ది నిమిషాలే ఆ వాసనకు మంచి వేళ. ఆ నిమిషాల్లోనే మీరు కిటికీలన్నీ మూసేశారు. వాన మీ ఇంటిదాకా వచ్చింది, లోపలికి రావడానికి దానికి దారి దొరకలేదు.

నేనూ చాలా ఏళ్లు అలాగే మూశాను. పిల్లలు చిన్నవాళ్లు, ఇల్లు చిన్నది, తడిస్తే ఆరబెట్టే చోటు లేదు. ఒక ఏడాది జ్వరంతో మంచం మీద ఉండి కిటికీ మూయడానికి లేవలేకపోయాను. జల్లు మొహం మీద పడుతుంటే కళ్లు మూసుకుని అలాగే పడుకున్నాను. దుప్పటి అంచు తడిసింది. దానివల్ల నష్టమేమీ జరగలేదు. అప్పటినుంచి ఒక్క కిటికీని ఆఖరున మూస్తాను.

ఇప్పుడు జబ్బు ప్రశ్న. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, భయపడనూ వద్దు. పగళ్లు చిన్నవయ్యే నెలల్లో దిగులు, అతినిద్ర అన్నారు. ఏటా ఒకే కాలంలో వచ్చి, కాలం మారగానే తగ్గే కుంగుబాటు ఒకటి ఉంది. 1984లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు దాన్ని వివరించి 'సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్' అని పేరు పెట్టారు. వైద్యులు దాన్ని గుర్తిస్తారు, చికిత్స ఉంది. ఒకటి రెండు ప్రశ్నలు మీరే వేసుకోండి. కాలాలు మాత్రమే చప్పగా ఉన్నాయా, లేక పాట, స్నేహితులు, పాప నవ్వు, అన్నీ చప్పగా ఉన్నాయా? రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండడం, నిద్ర, ఆకలి, పని మారిపోవడం, బతుకు మీద విరక్తి లాంటివి ఉన్నాయా? ఉంటే ఈ సమాధానం పక్కన పెట్టి ముందు డాక్టరును కలవండి. బతకాలని లేదనే ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు.

అవేవీ లేకపోయినా వెలుతురు సంగతి చూసుకోవాలి. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మామూలు ఆఫీసు గదిలో 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. బాగా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. బయట మబ్బు పట్టిన పగలు కూడా వేల లక్స్ ఉంటుంది. ఎండలో లక్ష దాకా వెళ్తుంది. శరీరంలోని గడియారం పగలనీ రాత్రనీ తెలుసుకునేది కంట్లో పడే ఈ వెలుతురుతోనే. తెల్లవారకముందు లేచి, చీకటి పడ్డాక ఇల్లు చేరే మీకు చిన్న పగళ్ల నెలల్లో పగలన్నదే అందడం లేదు. ఇలాంటి కుంగుబాటుకు వైద్యులు పొద్దున్నే సుమారు అరగంట 10,000 లక్స్ దీపం ముందు కూర్చోమంటారు. కంటి జబ్బులున్నవాళ్లు, బైపోలార్ సమస్య ఉన్నవాళ్లు అడక్కుండా అది వాడకూడదు. మీరు డాక్టరును అడిగాకే ఆ దీపం జోలికి వెళ్లండి. మధ్యాహ్నం 20 నిమిషాలు బయట నడవడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.

కాలాలే పాడయ్యాయా అని అడిగారు. మారాయి, ఇది మీ భ్రమ కాదు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూలు ఎప్పుడు విరగబూశాయో 9వ శతాబ్దం నుంచి రాతల్లో దొరుకుతుంది. 2021లో మార్చి 26నే పూర్తిగా పూశాయి. 1,200 ఏళ్ల లెక్కల్లో అంత ముందు పూయడం అదే మొదలు. 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే 1.5 డిగ్రీలకు పైనే నమోదైంది. చిన్నప్పటి కాలాలు రావడం లేదన్న బాధలో కొంత భాగం ప్రపంచానిదే, అందుకు బాధపడడం న్యాయమే. కాకపోతే జ్ఞాపకం కూడా ఏరుకుంటుంది. మీ బాల్యంలోనూ వాన రాని ఏళ్లు, ఉక్కపోతలు, జలుబులు ఉండే ఉంటాయి. అవి ఉత్తరంలో లేవు. కాలాలు మారాయి కాబట్టి చూడడం దండగ అని మాత్రం అనుకోవద్దు. మారుతున్నాయి కాబట్టే, చూసి రాసిపెట్టేవాళ్లు ఇప్పుడు ఇంకా కావాలి.

ఇక మీ ఇంట్లో గొడవ. ఊరు మారడం గురించి ఎవరు ఒప్పో నేను చెప్పను. రెండు వైపులా ఏం జరుగుతుందో చెబుతాను.

వెళ్లారనుకోండి. మొదటి ఏడాది బాగుంటుంది, అన్నీ కొత్త కదా. తర్వాత అలవాటు తన పని తాను చేస్తుంది. పెరడు ఆటస్థలంగా ఉండి పని స్థలంగా మారుతుంది. రాలిన ఆకులు ఊడ్చేది మీరు, కారే కప్పు బాగు చేయించేది మీరు, దండెం మీది బట్టల కోసం పరుగెత్తేది మీరే. మీ జ్ఞాపకంలోని పెరట్లోకి తిరిగి వెళ్లినా, అక్కడ మీ కోసం ఖాళీగా ఉన్నది మీ అమ్మగారి చోటే. ఆ చోటు మీకు ఇష్టమైతే సరే. ఆ చిన్నపిల్ల చోటు కోసం వెళ్తే మాత్రం నిరాశ పడతారు. పైగా ఒక జీతం తగ్గితే డబ్బు గురించిన ఆలోచన రోజంతా మనసులో తిరుగుతుంది. ఆఫీసు ఏ ధ్యాసనైతే తినేస్తోందో, ఆ ఆలోచన కూడా దాన్నే తింటుంది.

దీనికి రెండో వైపూ ఉంది. కాలాల మాట కాసేపు మరిచిపోండి. ఆ ఉద్యోగం, ఆ రాకపోకలు, ఆ అద్దాల గది, ఇవి మీకు పడుతున్నాయా? పడకపోతే అది వేరే సమస్య. దానికి వాన, పూలు సాక్ష్యం చెప్పాల్సిన పనిలేదు. నేరుగా "నేను అలిసిపోయాను" అనండి. మూడు నెలలుగా మీరు ఇంటి గురించి మాట్లాడుతున్నారు, మీవారు డబ్బు గురించి మాట్లాడుతున్నారు. అలసట గురించి ఇద్దరూ మాట్లాడినట్టు ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. ఆయనకూ ఒక బాల్యం ఉండే ఉంటుంది, ఆయనా అదే అద్దాల వెనక రోజులు గడుపుతున్నారు. "నీకు ఏ కాలం ఇష్టంగా ఉండేది?" అని ఒకసారి అడిగి చూడండి. వాదించడానికి అడగవద్దు, తెలుసుకోవడానికి అడగండి. "దీన్నొక సమస్య చేసుకోకు" అనే మనుషులు తరచుగా తమది అలాగే మూసిపెట్టుకుని ఉంటారు.

ఊరు మారాలన్న కోరిక గట్టిగానే ఉంటే, అమ్మడం కొనడం కంటే ముందు కొన్ని వారాలు అద్దెకు ఉండి చూడండి. అదీ ఆ ఊరు అందంగా ఉండే కాలంలో వద్దు, అక్కడివాళ్లు కష్టమని చెప్పే కాలంలో వెళ్లండి. ఆ కాలం నచ్చితే మిగతావన్నీ నచ్చుతాయి.

మధ్యదారి ఇంకొకటి ఉంది. ఆఫీసులో వేళలు మార్చమని అడగడం, లేదా వారంలో ఒకరోజు ఇంటి నుంచి పని. అడిగితే దొరకొచ్చు. చిక్కేమిటంటే, అలా మిగిలిన గంటను ఇల్లు మింగేస్తుంది. ఖాళీగా కనిపించే ఆడమనిషి సమయానికి ఇంట్లో పది పనులు కాచుకుని ఉంటాయి, మీకు తెలియనిది కాదు. ఆ గంట దేనికో ముందే ఇంట్లో అందరికీ చెప్పి, ఆ పనుల్లో కొన్ని మీవారి చేతికి ఇచ్చాకే అడగండి. లేకపోతే అడగకపోయినా ఒకటే.

ఏమీ మార్చకుండా పాప పెద్దయ్యేదాకా ఆగడం కూడా ఒక దారే. చాలామంది అలాగే చేస్తారు, వాళ్లను నేను తప్పు పట్టను. కొన్నేళ్లు కొన్ని కాలాలు చూడకుండానే పోతాయని ఒప్పుకుంటే మనసుకు కొంత నెమ్మది కూడా. కాకపోతే ఆగే ఆ ఏళ్లలోనే మీ పాపకు ఎనిమిది నుంచి పన్నెండు వస్తాయి. ఆ ఏళ్లు ఎంత దూరం గుర్తుంటాయో మీ ఉత్తరమే చెబుతోంది.

ఇవన్నీ తేలడానికి టైము పడుతుంది. ఈలోగా 11వ అంతస్తులోనే చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. అన్నీ చేయమనడం లేదు, ఒక్కటి చాలు. పది పెట్టుకుంటే అవీ ఇంటిపనుల జాబితాలో చేరిపోతాయి.

పాప "ఎండాకాలంలో సూర్యుడు దగ్గరికొస్తాడా?" అని అడిగితే అవునన్నానని ఉత్తరం చివర రాశారు. ఆ జవాబు మార్చే వంకతో మొదలుపెట్టండి. భూమి సూర్యుడికి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. ఉత్తరార్ధగోళంలో అది చలికాలం. దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. కాలాలు దూరం వల్ల రావు, భూమి 23.4 డిగ్రీలు వంగి తిరగడం వల్ల వస్తాయి. చీకటి గదిలో టార్చిలైటు గోడ మీద నిటారుగా వేసి చూపించండి, గుండ్రంగా చిన్నగా గట్టిగా వెలుగుతుంది. ఏటవాలుగా వేస్తే అదే వెలుగు సాగిపోయి పలచబడుతుంది. ఎండాకాలానికీ చలికాలానికీ తేడా సగం అక్కడే ఉంది. మిగతా సగం పగటి పొడవులో ఉంది. "నేను తప్పు చెప్పాను, ఇద్దరం కలిసి చూద్దాం" అనండి. తల్లి తప్పు చెప్పానని ఒప్పుకోవడం పిల్లలకు ఎంత బాగుంటుందో.

తర్వాత మీ ఇంట్లో ఎండ పడే కిటికీ దగ్గర, ఏదో ఒక ఆదివారం, ఒక గంట ఎంచుకుని, నేల మీద ఎండ అంచు ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గీత గీయండి. పక్కన తేదీ వేయండి. నెలకు ఒకసారి, అదే గంటకు. ఎండ గదిలోకి నడుచుకుంటూ రావడం, మళ్లీ వెనక్కి వెళ్లడం కనిపిస్తుంది. మార్చిలో, సెప్టెంబరులో 20వ తేదీ దాటాక పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజుల్లో గీతల మధ్య దూరం ఎక్కువగా ఉంటుంది, అప్పుడే మార్పు వేగం. జూన్, డిసెంబరు 21 ప్రాంతాల్లో గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి, సూర్యుడు ఆగి ఊపిరి తీసుకుంటున్నట్టు. పెరడు లేకుండా, ఇంట్లోంచి కదలకుండా భూమి వంపును నేల మీద చూడొచ్చు. మీకు దిగులు వచ్చే నెలల్లో అయితే ఆ గీత వెనక్కి తిరిగిన రోజు కంటికి కనిపిస్తుంది. ఆ రోజు కోసం ఎదురు చూడడం కూడా ఊరటే.

ఇక ఆ పసుపు పూల చెట్టు. దాని పేరు కనుక్కోండి. ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది, వాకిలి ఊడ్చే మనిషికి తప్పకుండా తెలుస్తుంది. పేరు తెలిశాక చెట్టు మారదు, మీరే ఆగి చూడడం మొదలుపెడతారు. ఇంగ్లండులో నార్ఫోక్ ప్రాంతంలో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736లో వసంతం వచ్చే గుర్తులు రాయడం మొదలుపెట్టాడు. ఏ చెట్టు ఎప్పుడు చిగురించింది, ఏ పిట్ట ఎప్పుడు కూసింది, ఇలా 27 గుర్తులు. ఆయన పోయాక వాళ్ల కుటుంబం 1958 దాకా రాసింది. ఇప్పుడు శాస్త్రవేత్తలు వాతావరణ మార్పును చదవడానికి ఆ రాతలే వాడుకుంటున్నారు. మీరు 27 రాయక్కర్లేదు. ఒక్క చెట్టుకు ఏడాదిలో నాలుగు తేదీలు రాస్తే చాలు. మొదటి చిగురు, మొదటి పువ్వు, పూలు అయిపోయిన రోజు, ఆకు రాలడం మొదలైన రోజు. మొదటి ఏడాది అవి ఉత్త తేదీలు. రెండో ఏడాది, "పోయినసారికంటే తొమ్మిది రోజులు ముందు!" అని మీ అంతట మీరే అంటారు. ఆ మాట అనడానికి మీకు ఒక ఏడాది జ్ఞాపకం చేతిలో ఉండాలి. తిరిగి రావడంలోని సంతోషం అని నేను ఇందాక అన్నది దీన్నే.

ఏడాదిని చిన్న ముక్కలుగా చూడడం కూడా కలిసొస్తుంది. చలి, ఎండ, వాన అని మూడే అనుకుంటే ఒక్కొక్కటి నాలుగు నెలలు, అంతసేపు ఎవరూ మేలుకుని చూడలేరు. మన భాషలో ఆరు రుతువులున్నాయి, 27 కార్తెలున్నాయి. ఒక్కో కార్తె దాదాపు రెండు వారాలు. జపాన్ పాత క్యాలెండరులో అయితే 72 ముక్కలు, ఒక్కోటి అయిదు రోజులు. రెండు వారాలకు ఒకసారి "ఇప్పుడు ఏం మారింది?" అని అడిగితే ఏదో ఒకటి దొరుకుతుంది.

పాప గురించి ఎక్కువ బెంగ వద్దు. తనకు కాలాలు తెలియకపోతే "నీకు వానంటే ఇష్టం ఉండదా" అని అడిగేదే కాదు. తనకు ఇష్టం కాబట్టే మీ మొహంలో అది వెతికింది. పాఠాలు చెప్పవద్దు, కార్యక్రమాలు పెట్టవద్దు. ఈసారి వానొస్తే బట్టలు తీయడానికి ఇద్దరూ కలిసి పరుగెత్తండి. సగం తను తీస్తుంది, సగం తడుస్తాయి. మిగిలిన కిటికీలు మూయండి, ఒక్కటి వదిలేయండి. అక్కడ ఒక రెండు నిమిషాలు నిలబడండి. తనకు ఏం వాసన వచ్చిందో అడగండి, మీకు ఏం గుర్తొచ్చిందో చెప్పండి.

చివరగా ఒక పని. మీ అమ్మగారికి ఇప్పుడు 70 అని రాశారు, దూరంగా ఉంటారని, వారానికి ఒకసారి ఫోన్లో మాట్లాడతారని రాశారు. ఆ పెరట్లో, చేతుల నిండా తడిబట్టలతో, ఆవిడ నవ్వేవారని మీరే చెప్పారు. పిల్లల్ని కేకలేస్తూ నవ్వేవారు. ఎందుకు నవ్వేవారో మీకు తెలుసా? మీకు వాన ఎలా ఉండేదో రెండు పేజీలు రాశారు కానీ, ఆవిడకు ఎలా ఉండేదో ఎప్పుడూ అడిగినట్టు లేరు. ఈ వారం ఫోన్ చేసినప్పుడు అడగండి. పాపను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆవిడ ఏమన్నారో వీలైతే నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.